చూపు తెగినా మాట తెగకూడదు

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల సర్వే, భూరికార్డుల శాఖల కమిషనర్ గార్లకు,



అయ్యా, నేను పాతికేళ్లకు పైగా భూములు కొలిచి బతుకుతున్నవాణ్ని. గొలుసు లాగిన చేతులతోనే తియోడొలైట్ తిప్పాను, టోటల్ స్టేషన్ మోశాను, ఇప్పుడు రోబో మిషన్‌తో పని చేస్తున్నాను. ఈ ఉత్తరంలో ఉద్యోగం అడగడం లేదు, బిల్లు బకాయి అడగడం లేదు. ఇకమీదట సర్వే మిషన్లకు టెండరు కాగితం రాయించేటప్పుడు అందులో రేడియోకి ఒక పేజీ కేటాయించమని మాత్రం అడుగుతున్నాను.

ఇన్నేళ్లలో రకరకాల సంస్థల టెండరు కాగితాలు నా చేతిలో పడ్డాయి. కోణం ఎన్ని సెకండ్ల వరకు కచ్చితం, దూరంలో తేడా ఎన్ని మిల్లీమీటర్లు, వానకీ దుమ్ముకీ ఆగుతుందా, బ్యాటరీ ఎన్ని గంటలొస్తుంది, అన్నీ వరసగా ఉంటాయి. రేడియో దగ్గరికొచ్చేసరికి ఒక్క ముక్క: "రేంజి ఒక కిలోమీటరు". ఏ నేల మీద? ఎంత ఎత్తులో? చెట్లుంటే ఎంత? అమ్మేవాడు చెప్పడు, కొనేవాడు అడగడు.

ఈ ఉత్తరం పత్రికలో చదివేవారి కోసం నాలుగు మాటలు చెప్పి ముందుకెళ్తాను. కోణాలూ దూరమూ కొలిచే మామూలు టోటల్ స్టేషన్‌కి ఇద్దరు కావాలి. స్టాండు దగ్గర ఒకరు కంటితో గురిపెట్టాలి, ప్రిజం పోల్ పట్టుకుని ఒకరు గట్ల వెంట నడవాలి. రోబో మిషన్‌లో మోటార్లుంటాయి. ప్రిజాన్ని ఒకసారి పట్టుకుందంటే అది ఎటు నడిస్తే అటు తల తిప్పుతుంది. పోల్ పట్టుకున్న సర్వేయరే చేతిలోని కంట్రోలర్ నుంచి "కొలువు", "వెతుకు", "ఇటు తిరుగు" అని ఆజ్ఞలిస్తాడు. ఆ ఆజ్ఞలు వెళ్లేదీ, కోణాలూ దూరమూ తిరిగొచ్చేదీ రేడియో మీదే. 1990లో స్వీడన్‌కి చెందిన జియోడిమీటర్ ఇలాంటి మొదటి మిషన్‌ని బజారులోకి తెచ్చింది. అప్పటి నుంచీ దీని ఒంట్లో రెండు దారాలున్నాయి. ఒకటి చూపు, అంటే ప్రిజం నుంచి తిరిగొచ్చే కాంతి. రెండోది మాట, అంటే రేడియో.

ఇక నా గొడవ చెబుతాను. ఉత్తరాంధ్రలో ఒక జీడితోట, ఆగస్టు నెల. ఒక ప్రైవేటు సంస్థ పని, అద్దెకు తెచ్చిన రోబో మిషన్. పొద్దున్నే జల్లు పడి ఆగింది, ఆకులన్నీ తడిసి ఉన్నాయి. రోబో వస్తే ఇద్దరి పని ఒకరు చేస్తారని చెప్పారు గానీ, మా దగ్గర మిషన్‌కి గొడుగు పట్టడానికీ, మేకలు స్టాండుని తోసెయ్యకుండా చూడటానికీ ఒక కుర్రాడు ఎప్పుడూ ఉంటాడు. వాణ్ని అక్కడ కూర్చోబెట్టి నేను పోల్ పట్టుకుని తోట మూలకి నడిచాను. దూరం 180 మీటర్లు. ఒక జీడిచెట్టు వెనక్కి వెళ్లగానే ప్రిజం మరుగైంది, లాక్ తప్పింది. అది మామూలే. నాలుగడుగులేసి చెట్టు దాటాను. "వెతుకు" నొక్కాను. కంట్రోలర్ తెర మీద అడ్డగీత కొట్టిన యాంటెన్నా బొమ్మ. మళ్లీ నొక్కాను. అదే బొమ్మ.

అక్కడ మిషన్ ఏం చేసిందో తర్వాత కుర్రాడు చెప్పాడు. కాసేపు ఇటూ అటూ తల ఊపి, తోట పక్క దారిలో పోతున్న బైకు నంబరు ప్లేటు మెరిస్తే దాని వెంట పడిందట. రోబోకి ప్రిజమైనా, మెరిసే ప్లేటైనా, కూలీలు వేసుకునే మెరుపు జాకెట్టైనా ఒక్కోసారి ఒకేలా కనిపిస్తాయి. "అది కాదు, ఇటు చూడు" అని చెప్పాల్సింది నేను. చెప్పడానికి దారి లేదు. చివరికి నోటికి చేతులడ్డం పెట్టి గట్టిగా కేకేశాను. కుర్రాడు విన్నాడు. మిషన్‌ని చేత్తో నా వైపు తిప్పాడు. ఆ పూటంతా మా రేడియో వాడే.

ఇంటికొచ్చాక మిషన్ పెట్టె మీద ఉన్న కాగితం చదివాను. ఈ తరహా రేడియో ఎదురెదురుగా, అడ్డం లేకుండా ఉంటే చెప్పినంత దూరం పనిచేస్తుందని అందులోనే ఉంది. నాకు తల తిరిగింది. అడ్డం లేకుండా ఎదురుగా ఉంటే మిషన్ నన్ను చూస్తూనే ఉంటుంది కదా! చూస్తున్నంతసేపూ దానికి నేను చెప్పాల్సింది పెద్దగా ఏమీ ఉండదు. మధ్యలో చెట్టో, ఎడ్లబండో, గడ్డివామో వచ్చి చూపు తెగినప్పుడే మాట అవసరం. ఈమధ్య వచ్చే కొన్ని మిషన్లలో పోల్ మీద జీపీఎస్ పెట్టి, "నేనిక్కడున్నాను, ఇటు తిరుగు" అని మిషన్‌కి చెప్పే ఏర్పాటుంది. మంచిదే. ఆ కబురు కూడా రేడియో మీదే పోవాలి కదా.

అయ్యా, ఈ ఉత్తరం మొత్తంలో నేను చెప్పదలిచింది ఇదే. రోబో మిషన్‌కి రేడియోని ఎంచుకునేటప్పుడు మిషన్ ప్రిజాన్ని చూస్తుండగా అది ఎంత దూరం పలుకుతుందో అడగకూడదు, చూపు పోయిన క్షణంలో పలుకుతుందా అని అడగాలి.

ఇది మన నేల మీద కొత్త కష్టమేమీ కాదు. లాంబ్టన్ మొదలుపెట్టిన మహా త్రికోణమితి సర్వేలో జార్జి ఎవరెస్టు 1819లో కృష్ణా గోదావరుల మధ్య అడవుల్లోకి కొలతకి వచ్చాడు. జ్వరాలు పట్టి, కోలుకోవడానికి చివరికి ఆఫ్రికా దక్షిణ కొస దాకా వెళ్లాల్సి వచ్చింది. ఆ రోజుల్లో గుర్తంటే కొండ మీద జెండా, తర్వాత తర్వాత రాత్రి దీపం, పగలు ఎండని తిప్పికొట్టే అద్దం. అన్నీ చూపు మీద ఆధారపడ్డవే. మబ్బు పట్టినా, పొగమంచు దిగినా మనిషి నడిచి వెళ్లి చెప్పాల్సిందే. రేడియో వచ్చింది ఆ చెర విడిపించడానికి. మనం మళ్లీ చూపు ఉంటేనే మాట్లాడే రేడియో కొంటే రెండు వందల ఏళ్లు వెనక్కి నడిచినట్టే.

ఇప్పుడు రకాలు చెబుతాను. నేటి రోబో మిషన్లలో ఎక్కువ భాగం 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండులో మాట్లాడతాయి. కొన్నిటికి మిషన్ పిడిలోనే రేడియో ఉంటుంది, కొన్ని దూరం పలికే బ్లూటూత్ వాడతాయి. ఈ బ్యాండుకి మన దేశంలో 2005 నుంచి లైసెన్సు అక్కర్లేదు, పరిమితి లోపల శక్తి వాడితే చాలు. అదే దాని మంచి, అదే దాని చెడ్డ. వైఫై, బ్లూటూత్, చాలా డ్రోన్ల రిమోట్లు అక్కడే కాపురముంటాయి. ఒక ఊళ్లో పొద్దున డ్రోన్ ఎగరేసి, అదే పూట కింద రోబోతో గట్లు కొలిస్తే రెండూ ఒకే సంతలో కేకలేసుకుంటున్నట్టు. ఒక్కచోట నిలవకుండా ఒక చానెల్ నుంచి ఇంకో చానెల్‌కి గెంతుతూ మాట్లాడే పద్ధతి ఉంది కాబట్టి మొత్తానికి మాట పోదు గానీ, తడబడుతుంది. పాయింటు నేల మీద గుర్తుపెట్టేటప్పుడు "ఇంకో రెండు సెంటీమీటర్లు ఎడమకి" అన్న కబురు అర సెకను ఆలస్యంగా వస్తే పోల్ పట్టుకున్నవాడికి అదే చాలు, తాళం తప్పుతుంది.

రెండో చిక్కు నీరు. మైక్రోవేవ్ పొయ్యి వాడే తరంగం కూడా ఈ బ్యాండులోదే. తడి ఆకు దాన్ని తాగేస్తుంది. మనిషి ఒళ్లు కూడా చాలా వరకు నీరే. నమ్మకపోతే ఈ పరీక్ష చేయించండి. మిషన్‌కి 200 మీటర్ల దూరంలో సర్వేయర్ని నిలబెట్టి, కంట్రోలర్‌ని గుండెకి ఆనించి పట్టుకోమనండి. మిషన్ వైపు ముఖం ఉన్నప్పుడు సిగ్నల్ గీతలు ఎన్నో చూడండి. అలాగే వెనక్కి తిరగమనండి. నా చేతిలో నాలుగు గీతలు ఒక్కటైపోవడం ఎన్నోసార్లు చూశాను. అందుకే కంట్రోలర్‌ని ఒంటికి ఆనించి పట్టుకోకూడదు, పోల్‌కే బిగించాలి. యాంటెన్నా విడిగా ఉంటే తల కన్నా పైన పెట్టాలి.

మూడోది ఎత్తు. కాంతి సన్నటి దారంలా వెళ్తుంది, రేడియో అలా కాదు. రెండు కొసల మధ్య దాని దారి సాగదీసిన మద్దెలలా ఉంటుంది, కొసల్లో సన్నం, నడుమ లావు. 2.4 గిగాహెర్ట్జ్‌లో 300 మీటర్ల దూరానికి నడిమధ్యలో ఆ మద్దెల వ్యాసార్థం దాదాపు 3 మీటర్లు. మన మిషన్ నిలిచేది నేలకి మీటరున్నర ఎత్తులో. అంటే కింది భాగం గట్టులోనూ, మినప చేనులోనూ కూరుకుపోయినట్టే. కంటికి ప్రిజం నిక్షేపంగా కనిపిస్తుంటుంది, రేడియో మాత్రం కుంటుతుంది. "కనిపిస్తోంది కదా, ఎందుకు పలకదు?" అని కొత్తవాళ్లు తలబాదుకునేది ఇక్కడే. స్టాండుని చేను నడుమ పెట్టే బదులు చెరువు కట్ట మీద పెడితే చాలాసార్లు ఖర్చు లేకుండా తీరిపోయే జబ్బిది.

ఇంకో దారి, 400 మెగాహెర్ట్జ్ పైన ఉండే యూహెచ్‌ఎఫ్. తొలి తరం రోబోలు వాడినదీ, నేటికీ ఒకచోట నిలిపిన జీపీఎస్ బేస్ నుంచి పొలంలో తిరిగే జీపీఎస్ రోవర్‌కి సవరణలు పంపేదీ ఎక్కువగా ఇదే. ఒకే శక్తితో, ఒకే తరహా యాంటెన్నాలతో పోలిస్తే 450 మెగాహెర్ట్జ్‌లో అవతలికి అందే సిగ్నల్ 2.4 గిగాహెర్ట్జ్ కన్నా దాదాపు 28 రెట్లు ఎక్కువ. ఆకుల మధ్య నుంచి దూరుతుంది, గట్టు మీద నుంచి కొంత వంగి దిగుతుంది. వేగం తక్కువంటారు. తక్కువే. కానీ కోణం, దూరం, "వెతుకు" అన్న ఆజ్ఞ, వీటికి ఎంత వేగం కావాలి? సెకనుకి 9,600 బిట్లు పోయినా సరిపోయే సరుకు. మిషన్ కెమెరాలోంచి వీడియో చూడాలంటే తప్ప వేగానికి డబ్బు పోయడం దండగ. మనకి కావాల్సింది దూరం పలకడం, అడ్డంలో పలకడం.

యూహెచ్‌ఎఫ్‌కి ఉన్న ముడి లైసెన్సు. చిన్న మినహాయింపులున్నా అవి అతి తక్కువ శక్తి పరికరాలకే. కారు బ్యాటరీ పెట్టి 35 వాట్ల బేస్ రేడియో నడపాలంటే కేంద్ర టెలికాం శాఖలోని వైర్‌లెస్ ప్లానింగ్ విభాగం అనుమతి, కేటాయించిన ఫ్రీక్వెన్సీ తప్పనిసరి. ఒంటరి సర్వేయరుకి ఇది కొండ. ప్రభుత్వ శాఖకి కాదు. శాఖ పేరు మీద కొన్ని ఫ్రీక్వెన్సీలు తీసుకుని జిల్లాలకి పంచితే ఎందరికో తీరే కష్టం.

నడిమి దారి కూడా ఉంది. 865 నుంచి 867 మెగాహెర్ట్జ్ వరకు 2005లో లైసెన్సు లేకుండా వదిలారు, 2021లో దాన్ని 868 దాకా పెంచారు. ఒక వాటు వరకు శక్తి వాడుకోవచ్చు. 2.4 కన్నా ఆకుల్లో మెరుగు, యూహెచ్‌ఎఫ్‌లా కాగితాల పని లేదు.

ఇక్కడే ఒక హెచ్చరిక. మనవాళ్లు అమెరికాలో చాలామంది ఉన్నారు కదా, అక్కడ సెకండ్ హ్యాండులో చవగ్గా దొరికిందని బంధువు చేత సర్వే రేడియో తెప్పించుకున్న మిత్రుడొకడు నాకు చూపించాడు. దాని మీద 902 నుంచి 928 మెగాహెర్ట్జ్ అని రాసుంది. అమెరికాలో అది అందరిదీ, లైసెన్సు అక్కర్లేదు. మన దేశంలో 890 నుంచి 915 వరకు ఫోన్లు టవరుతో మాట్లాడే దారి. టవరు ఎంతో దూరంలో ఉన్న ఫోను గుసగుసలు వినడానికి చెవి రిక్కించి ఉంటుంది. దాని పక్కన ఒక వాటు రేడియో పెట్టి అరిస్తే ఆ చెవి దిమ్మెక్కిపోతుంది. ఊరి ఫోన్లు మూగబోతాయి, మనం నేరస్తులమవుతాం. "స్విచ్ వెయ్యకు, పెట్టెలో పెట్టి దాచుకో" అన్నాను. వాడు నొచ్చుకున్నాడు. టెండరులో "865 నుంచి 868 మధ్య, లేదా భారత్‌లో అనుమతి ఉన్న వేరే బ్యాండు" అన్న ఒక్క వాక్యం ఉంటే ఇలాంటి పెట్టెలు గోదాములోకే రావు.

రోవర్ల సంగతి కూడా చెప్పి తీరాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరు 21న జగ్గయ్యపేట మండలం తక్కెళ్లపాడులో భూముల రీసర్వే మొదలైంది. తెలంగాణలో 2025 ఏప్రిల్ 14న అమల్లోకి వచ్చిన భూభారతి చట్టం రిజిస్ట్రేషన్‌కి పటాన్ని జతచేసింది. ఇకమీదట రెండు రాష్ట్రాల్లోనూ కొలత అంటే ఎక్కువగా రోవరే. రోవర్‌కి సవరణలు సిమ్ కార్డు మీద వస్తాయి. ఆ సవరణలు పంపే కార్స్ స్టేషన్లు ఎంత బాగా పనిచేసినా ఊళ్లో ఫోను సిగ్నల్ లేకపోతే రోవర్ గుడ్డిది. ఏజెన్సీలో, నల్లమలలో, లోయల్లో ఇది రోజూ ఎదురయ్యేదే. అక్కడ సొంత బేస్ పెట్టి, యూహెచ్‌ఎఫ్ మీద సవరణలు పంపే పాత పద్ధతే దిక్కు. కానీ ఒక కంపెనీ బేస్ మాట ఇంకో కంపెనీ రోవర్‌కి అర్థం కావాలంటే రెండూ ఒకే రేడియో భాష మాట్లాడాలి. ట్రిమ్‌టాక్, సాటెల్ లాంటివి ఆ భాషల పేర్లు. భాష, చానెల్ వెడల్పు, వేగం మూడూ కలవకపోతే సిగ్నల్ నిండుగా ఉన్నా రోవర్ బెల్లంకొట్టిన రాయిలా నిలబడుతుంది. ఇది కొన్న తర్వాత తెలిసే సంగతి కాకూడదు.

ఇంత గొడవ దేనికి, కొలత తప్పు రావడం లేదుగా అని ఎవరైనా అనొచ్చు. నిజమే. రేడియో తెగినందువల్ల కోణం మారదు, దూరం మారదు. రేడియో తప్పు కొలిచిన పాయింట్లలో ఎప్పటికీ దొరకదు, కొలవకుండా వదిలేసిన పాయింట్లలో ఉంటుంది. రోజుకిన్ని ఎకరాలని లెక్క చెప్పాల్సిన సర్వేయరు, మూడుసార్లు లాక్ తప్పి మూడుసార్లు కేకేసి అలసిపోయాక నాలుగోసారి ఏం చేస్తాడు? చింతచెట్టు వెనక ఉన్న మూల రాయిని వదిలేసి, ఇటు గట్టునీ అటు గట్టునీ గీతతో కలిపేస్తాడు. పటం ముచ్చటగా వస్తుంది. పదేళ్ల తర్వాత ఆ మూల దగ్గరే అన్నదమ్ములు పోట్లాడుకుంటారు. పాత కొలతల పుస్తకం, ఎఫ్‌ఎంబీ, తీసి చూస్తే అక్కడ రాయి ఉంటుంది, కొత్త పటంలో ఉండదు.

కాబట్టి టెండరులో రాయించమని నేను కోరేవి ఇవి.

మొదటిది, రేంజిని కిలోమీటర్లలో రాయొద్దు, పరీక్షగా రాయండి. సంస్థ తన మిషన్‌ని తడిసిన తోటలో, 300 మీటర్ల దూరంలో, మిషన్‌కి వీపు తిప్పి నిలబడ్డ మనిషితో నడిపి చూపించాలి. కావాలని చూపు తప్పించి, రేడియో మీద ఆజ్ఞ ఇచ్చి, మిషన్ తిరిగి ప్రిజాన్ని పట్టుకునేదాకా గడియారం పెట్టాలి.

రెండోది, రేడియో భాగానికి మన దేశపు పరికర అనుమతి పత్రం విడిగా జతచెయ్యాలి. మిషన్ మొత్తానికీ ఏదో ఒక విదేశీ ముద్ర ఉందంటే సరిపోదు.

మూడోది, ప్రతి రోబోకీ తల పైన నిలిచే విడి యాంటెన్నా లేదా పోల్‌కి బిగించే రేడియో, అదనపు బ్యాటరీలు ఇవ్వాలి. ఏప్రిల్ ఎండలో బ్యాటరీ ముందుగా చేతులెత్తేస్తే తప్పు రేడియో మీదకి పోతుంది.

నాలుగోది, ఏజెన్సీ మండలాలకి వెళ్లే రోవర్లకి సిమ్‌తో పాటు యూహెచ్‌ఎఫ్ రేడియో కూడా లోపలే ఉండాలి. ఏ రేడియో భాషలు మాట్లాడుతుందో పేర్లతో రాసివ్వాలి.

అయిదోది డబ్బు అక్కర్లేనిది. ఒకే ఊళ్లో రెండు మూడు జట్లు దిగితే ఎవరికే చానెల్, ఎవరికే నెట్‌వర్క్ నంబరు అన్నది పొద్దున్నే బోర్డు మీద రాయించండి. పక్క పొలంలో రోబో నా ఆజ్ఞ విని అటు తిరిగిన రోజు కూడా నేను చూశాను.

ఇంకో మాట కూడా దాచకుండా చెప్పాలి. దట్టమైన తోటల్లో, ఇరుకు ఊరి సందుల్లో రోబో కన్నా ఇద్దరు మనుషులూ మామూలు టోటల్ స్టేషనే వేగం. రోబో కొన్నాం కదా అని అన్నిచోట్లా అదే వాడమని ఆదేశాలివ్వకండి. ఎక్కడ ఏది వాడాలో నేల చూసిన సర్వేయరు చెబుతాడు.

ఆ జీడితోటలో నా కుర్రాడికి జీతం రోజు కూలీ. వాడి గొంతు 180 మీటర్ల దూరానికి, తడి ఆకుల మీదుగా, చెట్టు అడ్డమున్నా నాకు వినిపించింది. నా కేక వాడికీ వినిపించింది. మీరు లక్షలు పోసి కొనే రేడియో అంతకన్నా బాగా పలకాలని పట్టుబట్టండి. అది పలికినప్పుడు వాణ్ని గొడుగు కింద నుంచి లేపి, పోల్ చేతికిచ్చి పని నేర్పుతాను.

భవదీయుడు,
ఒక సర్వేయరు